తాత పిస్తోలు

"కదలకురా సుబాషూ. కదిలితే పేల్చేస్తాను," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

సుభాష్ కదల్లేదు. పక్కనున్న బర్మావాడు కో జా కూడా కదల్లేదు. ఇద్దరూ చేతులు పైకెత్తారు. ఇద్దరూ వార్డు ఆఫీసు కాపలావాళ్లే. చేతుల్లో కర్రలు తప్ప ఏమీ లేవు. ఆ కర్రలు ఇప్పుడు నేల మీద పడి ఉన్నాయి.

చిమిండైంగ్ రేవులో చివరి మెట్టు మీద నిలబడ్డాడు ఢిల్లేశ్వరరావు. డెబ్బై దాటిన మనిషి. చేతిలో పాతకాలం నల్లటి పిస్తోలు. పిడి మీద కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. కాళ్ల దగ్గర పూజ పువ్వుల బుట్ట ఒరిగిపోయి ఉంది.

వెనక ఏట్లో చిన్న మోటారు పడవ పోతోంది. అందులో కొడుకు త్రినాథ్ ఉన్నాడు.

మొన్న వార్డులో సైన్యంలోకి ఎవరు పోవాలో చీటీలు తీశారు. త్రినాథ్ పేరు వచ్చింది, పోక తప్పదు. వాడికి ఇరవై నాలుగేళ్లు. ఒక్కడే కొడుకు. ఆ వీధిలోంచి ముందు ముగ్గురు వెళ్లారు. ఒక్కడి నుంచీ కబురు లేదు.

పొద్దున్న భాగ్యవతి బుట్ట సర్దింది. దసరా పూజ అయ్యాక పువ్వులు ఏట్లో కలపడం ఏటా ఉన్నదే. దార్లో ఎవరూ ఆపి అడగరు. బుట్టలో పిస్తోలు పెట్టి, పైన బంతిపువ్వులు పోసి, గుడ్డ కప్పింది.

"వానొచ్చీలాగుంది. దార్లో తడవనీకు," అంది మొగుడితో.

కొడుకు మొహం చూడలేక లోపలికి పోయింది.

త్రినాథ్ ఏటి అవతల ట్వంటే ఊళ్లో కుమ్మరి ఊ మ్యా ఇంట్లో దాక్కోవాలి. ఊ మ్యా ఏటా దసరా ముందు వీళ్లింటికి వచ్చి పోయే మనిషి. అన్నం పెడతాడు. నోరు విప్పడు.

అంతా అనుకున్నట్టే జరిగేది. కానీ త్రినాథ్ పడవెక్కుతుండగా సుభాష్ చూశాడు. కో జాని వెంటేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఢిల్లేశ్వరరావుకి ఇంకేమీ తోచలేదు. బుట్టలో చెయ్యి పెట్టాడు.

పడవ ఏరు దాటి ట్వంటే కాలవ మలుపు తిరగడానికి పది నిమిషాలు పడుతుంది. అవతలి గట్టున సైన్యం చౌకీ ఉంది. ఇక్కణ్ణించి ఒక్క ఫోను వెళ్తే చాలు. ఆ పది నిమిషాలూ వీళ్లిద్దరూ ఇక్కడే ఉండాలి.

"ఫోన్లు కింద పెట్టండి. కాలితో ఇటు తొయ్యండి."

ఫోన్లు వచ్చాయి. ఒక్కొక్కటీ ఏట్లోకి తన్నాడు.

"పెదనాన్నా, తుపాకీతో దొరికితే ఏటవుద్దో తెలుసా నీకు?" అన్నాడు సుభాష్.

"తెలుసు."

"ఉరేస్తారు."

"డెబ్బై ఏళ్లు తిన్నాన్రా. ఇంకేటి తింటాను."

కో జా బర్మా భాషలో గొణిగాడు. అది పాత తుప్పుముక్క, పేలదు అంటున్నాడు.

"ఆడికి చెప్పు సుబాషూ. మా తాత సేక్కాన్ ఓడల డాకులో కాపలా దర్వాను. ఇది దొర ఇచ్చిన పిస్తోలు. తాత దీంతో ముప్పై అడుగుల నుంచి సీసా మూతి ఎగరగొట్టీవోడు. మా నాన్నకి నేర్పాడు. మా నాన్న నాకు నేర్పాడు." ఢిల్లేశ్వరరావు చూపు సుభాష్ వైపు తిప్పాడు. "నువ్వూ దీనికి దణ్ణం పెట్టినోడివే గదరా. మర్సిపోయావేటి?"

సుభాష్ మరిచిపోలేదు. చిన్నప్పుడు ప్రతి దసరాకీ ఆ ఇంట్లో పులిహోర తిన్నాడు. పీట మీద బంతిపువ్వుల మధ్య ఈ పిస్తోలే ఉండేది. ముట్టుకోబోతే భాగ్యవతి చేతి మీద ఒక్కటేసేది.

"అది నిజమైనదే. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను," అన్నాడు కో జాతో బర్మా భాషలో.

కో జా చేతులు మళ్లీ పైకెత్తాడు.

అప్పుడు మొదలైంది వాన.

ముందు పెద్ద చినుకులు. ఢిల్లేశ్వరరావు భుజం మీది తువ్వాలు లాగి పిస్తోలు మీద కప్పాడు. చెయ్యితో సహా చుట్టాడు. కుంకుమ కరిగి ఎర్రగా మణికట్టు మీదికి జారింది.

"మందు తడిసిపోద్దని బయమేటి పెదనాన్నా?"

"దగ్గరకొచ్చి సూడు."

సుభాష్ రాలేదు.

వాన ముదిరింది. తువ్వాలు తడిసి ముద్దయింది. చివర్ల నుంచి నల్లటి చుక్కలు పడుతున్నాయి.

"నల్లగా కారతందేటి?"

"నూనె. పండక్కి పట్టించాం."

ఢిల్లేశ్వరరావు పళ్లు బిగించాడు. వేళ్లు మాత్రం బిగించలేదు. బిగిస్తే అంతా అయిపోతుంది. వదిలినా అయిపోతుంది. చెయ్యి లాగేస్తోంది. వెనక్కి తిరిగి చూడ్డానికి లేదు. మోటారు చప్పుడు ఒక్కటే ఆధారం. అది ఇంకా వినిపిస్తోంది. పోరా నాయనా, బేగి పో.

కో జా ఒక మెట్టు దిగాడు.

ఢిల్లేశ్వరరావు తువ్వాలు చుట్టిన చేతిని వాడి గుండెకి సూటిగా ఎత్తాడు. వాడి కళ్లలోకి చూశాడు. చావడానికి సిద్ధపడ్డ మనిషి చూపు అది. కో జా మళ్లీ ఆ మెట్టెక్కాడు.

మోటారు చప్పుడు సన్నబడింది. వానలో కలిసింది. ఆగిపోయింది.

ఢిల్లేశ్వరరావు వెనక్కి తిరిగాడు. కాలవ మలుపు దగ్గర నీళ్లు తప్ప ఏమీ లేవు.

తడి మెట్టు మీద కూలబడ్డాడు.

"ఇప్పుడు రండ్రా," అన్నాడు.

సుభాష్ భయం భయంగా దిగి వచ్చాడు. తువ్వాలు కొస పట్టుకుని లాగేశాడు.

తాత పిస్తోలును సర్కారు పట్టుకుపోయిన నాటి నుంచీ ఏటా పూజ కోసం కుమ్మరి ఊ మ్యా వచ్చి చేసిచ్చే, పూజ కాగానే పువ్వులతో పాటు ఏట్లో కలిపేసే పచ్చిమట్టి పిస్తోలు, నల్లటి బురదై ఢిల్లేశ్వరరావు వేళ్ల సందుల్లోంచి కారిపోతోంది.