మెడలోతు నీళ్లు

"ఏ ఇంటి తలుపమ్మా అది, ఊడబెరుక్కొచ్చినావు?"

బేతమంగళ చెరువు గట్టు మీద కూర్చున్న ముసలాయన అడిగినాడు.

దాక్షాయణి నెత్తిన ఉన్నది తలుపు కాదు. తొమ్మిదడుగుల సర్ఫింగ్ బోర్డు. దాని మీద నిలబడి సముద్రపు అలల పైన జారుకుంటా రావాల.

రాబర్ట్‌సన్‌పేట బట్టలంగడి వెంకటేశయ్య కూతురికి ఈ పిచ్చి ఎట్లా పట్టిందో దేవుడికే తెలియాల. కోలారు జిల్లాలో అల చూడాలంటే పప్పుకుండ పొంగేటప్పుడు చూడాల. ఈ పిల్ల నెలకు రెండు ఆదివారాలు మద్రాసు పక్క సముద్రానికి పొయ్యి, కోచ్ దగ్గర నేర్చుకుంటా ఉంది.

వెనకనుంచి కోచ్ తోస్తే లేచి నిలబడుతుంది. తోయకుంటే బొక్కబోర్లా పడుతుంది.

ఎవరూ తోయకుండా తనంతట తానే అలను అందుకుంటేనే రెండో తరగతి అని కోచ్ చెప్పేసినాడు. వాళ్ల నాయన ఇంకో మాట కలిపినాడు. ఈ ఎండాకాలం లోపల రాకుంటే బోర్డు అటక మీదికి, నువ్వు అంగట్లోకి.

అందుకే రోజూ పొద్దున్నే అంగడి సరుకుల ఆటోలో బోర్డు వేసుకుని ఈ చెరువుకు వస్తా ఉంది. అలలు లేకుంటే పాయె, బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసేదీ, ఎగిరి లేచి నిలబడేదీ అలవాటవుతుంది కదా.

మొదటి రోజు పదిసార్లు లేచింది, పదిసార్లు పడింది.

పదకొండోసారికి ముసలాయన పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగినాడు. దిగే ముందు చాలాసేపు నిలబడినాడు. వచ్చి బోర్డు అంచు పట్టుకున్నాడు.

పేరు మారప్ప. ముప్పై ఏండ్లు బంగారు గనిలో చేసినోడు.

"మోకాళ్లు బిగబట్టొద్దమ్మా. మమ్మల్ని గనిలోకి దించే ఇనుప బోనులో కొత్తోళ్లు ఇట్లే కట్టె మాదిరి నిలబడి పడేవాళ్లు. మోకాలు వదులు చెయ్. కన్ను పాదం మీద కాదు, యాడికి పోవాలో ఆడ పెట్టు."

పెట్టింది. ఐదు లెక్కపెట్టేంతసేపు నిలబడింది.

ఆ పొద్దు నుంచి ఆయన రోజూ వచ్చినాడు. గట్టు మీద ఉన్నంతసేపూ నోట మాట ఉండదు. నీళ్లలో దిగితే మాత్రం నోరు మూతపడదు.

చంకకొక పొట్టేలును పెట్టుకుని ఈ చెరువు అడ్డంగా ఈదినాడంట. నడిమధ్యలో ఒక పొట్టేలు మేత అడిగితే వెనక్కి పొయ్యి గడ్డి కోసుకొచ్చినాడంట. గని అడుగున తవ్వతా ఉంటే అవతలి దేశంలో దున్నే ఎద్దు కాలు తగిలిందంట.

"అంత ఈతగాడివి, పళ్లెందుకు తాతా కొట్టుకుంటా ఉండాయి?"

"చలికమ్మా. ఈ చెరువు అడుగున మంచుగడ్డ ఉండాది, ఎవరికీ చెప్పొద్దు."

దాక్షాయణి నవ్వింది. ఆయన నవ్వలేదు. బోర్డు అంచు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

నెల తిరిగింది. సముద్రంలో మళ్లీ బొక్కబోర్లా పడింది.

బాగానే లేస్తా ఉండావు గానీ, వెనక తోసే చెయ్యి కోసం కాచుకుంటా ఉండావు అన్నాడు కోచ్. ఎవరో నిన్ను పట్టుకునే నేర్పుతా ఉండారు, వదలమని చెప్పు అన్నాడు. నాయన పెట్టిన గడువు ఇంక పదిహేను రోజులే ఉంది.

ఆ కోపమంతా మూట కట్టుకుని చెరువుకు తెచ్చింది.

"వదిలెయ్ తాతా. నువ్వు పట్టుకోబట్టే నాకు రాలేదు. పొట్టేళ్లను ఈదించినోడివి, ఒక బోర్డు వదిలేదానికి భయమా?"

మారప్ప తన చెయ్యి చూసుకున్నాడు. ఒక్కొక్క వేలే తీసినాడు.

"గట్టు మీద కూర్చో పో" అంది దాక్షాయణి.

ఆయన గట్టెక్కలేదు. చెరువు లోతయ్యే చోటికి నడిచి, మెడలోతులో నిలబడినాడు. నేను స్నానం చేస్తా ఉండానమ్మా, నీకేం అడ్డం అన్నాడు.

పదిహేను రోజులూ అక్కడే నిలబడినాడు. మళ్లీ ఒక్క కథ చెప్పలేదు. ఆమె కూడా పలకరించలేదు.

ఆ ఆదివారం సముద్రంలో అల లేచింది. వెనక ఏ చెయ్యీ లేదు. దాక్షాయణి నీళ్లు తోసుకుంటా అలను అందుకుంది. మోకాలు వదులు. కన్ను దూరంగా ఇసుక మీద. ఒడ్డు దాకా నిలబడే వచ్చింది.

కోచ్ రెండో తరగతిలో పేరు రాసుకున్నాడు. వారం రోజులు అక్కడే నేర్చుకుని ఊరికొచ్చింది.

మైసూరుపాకు పొట్లం తీసుకుని నేరుగా చెరువుకు పోయింది. తాతకు ఒకసారి సముద్రం చూపించాలని, ఆ పొట్టేళ్ల కథ అలలకు కూడా చెప్పించాలని దారి పొడుగునా అనుకుంది.

గట్టు ఖాళీగా ఉంది.

ఇల్లు అడుక్కుంటా పోయింది. గోడ మీద మారప్ప పటం, దానికి వాడని పూలదండ. ఆయన భార్య మునివెంకటమ్మ చాప పరిచింది. గని దుమ్ము పట్టిన ఊపిరి, దానికి చలిజ్వరం తోడైంది, మూడు దినాలు కూడా ఆగలేదు అని చెప్పింది.

పొట్లం ఎక్కడ పెట్టాలో దాక్షాయణికి తెలియలేదు.

"తాత రోజూ నాతో చెరువులో దిగి నేర్పించినాడమ్మా."

"చెరువులోనా? ఇంకెవరో అయ్యుంటారు పాపా."

"లేదమ్మా, తాతే. మెడలోతులో నిలబడేవాడు."

మునివెంకటమ్మ పటం వైపు తిరిగింది. తడిపంచెతో ఇంటికొచ్చి కాలవలో జారినానని చెప్పేవాడంట. రోజూ జారేది ఏంది, కండ్లు కనబడవా అని తాను తిట్టిందంట.

"ఆయనకు ఈత రాదు పాపా" అంది మెల్లగా. "గనిలో నీళ్లు పొంగిన ఏడు, జతగాడి చెయ్యి పట్టుకుని మూడు దినాలు మెడలోతులో నిలబడినాడు, మూడో దినం ఆ చెయ్యి జారిపోయింది, అప్పటినుంచి నలభై ఏండ్లు నేను చెంబుతో పోసే నీళ్లు తప్ప ఇంకే నీళ్లలోనూ కాలు పెట్టినోడు కాదు."