వెబ్‌సైట్ అడుగున ఒక్క వాక్యం

శ్రీహరి ఒక్క మాట అడిగి ఉంటే భూమన్నకు ఇంత మంట ఉండేది కాదు. తాను అధ్యక్షుడిగా ఉన్న కంది రైతుల సంఘానికి వెబ్‌సైట్ కావాలనుకున్నాడు. హైదరాబాద్ నుంచి మధులిక అనే అమ్మాయిని పిలిపించాడు. పని మొత్తం చేయించాడు. ఒప్పుకోలు కాగితం మీద దస్కతు పెట్టే రోజుకు మాత్రం భూమన్నలాంటి కమిటీ సభ్యులు గుర్తొచ్చారు. నాలుగో తరగతిలో బడి మానేసినవాడి సలహా ఎవడికి కావాలి?

ఆ దస్కతు కోసమే భూమన్న సంతపూర్‌లో మొదటి బస్సెక్కి, బీదర్ ధాన్యం గంజ్‌లోని సంఘం గదికి వచ్చాడు. అప్పటికే నలుగురు పెట్టేశారు. ఐదోది పడితే సాయంత్రానికి వెబ్‌సైట్ తెరుచుకుంటుంది. అందులో చూసి పప్పు కొంటామని హైదరాబాద్ హాస్టళ్లవాళ్లు కాచుకొని ఉన్నారు. రేపటికి లేకపోతే వేరే చోట కొనేస్తారు.

మధులిక భూమన్న ఫోన్ అడిగి తీసుకుంది. అద్దం పగిలిన ఆ ఫోన్‌లోనే పేజీ తెరిచి చూపించింది.

“బొమ్మలు తక్కువ పెట్టిన కాకా. సిగ్నల్ సరిగ లేకున్నా తెరుచుకుంటది. కరెంటు తక్కువ తింటది.”

“మంచిది.”

“ఎవరి నంబరూ అడగదు. మీ ముచ్చట్లు ఇంకొకరికి అమ్ముకోదు.”

“ఇది ఇంకా మంచిది.”

“అడగకుండ ఒక్కరి ఫోటో పెట్టలే. దేవమ్మ వద్దన్నది, తీసేసిన.”

“నా మొఖం చూసినంక పప్పు ఎవరు కొంటరని వద్దన్న,” అంది మూలన కూర్చున్న కమిటీ సభ్యురాలు దేవమ్మ.

భూమన్న నవ్వలేదు. వేలితో పేజీని కిందికి జరుపుతూ పోయాడు. అన్నిటికంటే అడుగున చిన్న అక్షరాలు. కూడబలుక్కుని చదివాడు. ‘ఈ వెబ్‌సైట్ సోలార్ కరెంటుతో నడుస్తుంది. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు.’

“గీ లైను తీసెయ్ బిడ్డా.”

మధులికకు అర్థం కాలేదు. “మన పేజీ ఉండే కంప్యూటర్లకు బొగ్గు కరెంటు వాడరు కాకా. సోలార్ కంపెనీ కాడ కొంటరు. పొగ లేదు, బూడిద లేదు. గందుకే వాళ్లను ఏరికోరి పట్టుకున్న.”

“కంపెనీ పేరేంది?”

చెప్పింది. భూమన్న తలూపాడు.

“నువ్వు ఆడికి పోయి చూసినవా?”

“లేదు. కాగితాలు చూసిన.”

“కాగితాలు నేను గూడ చూసిన.”

శ్రీహరికి ఓపిక పోయింది. “నీ దోస్తు కొడుకు సంగమేష్‌కు ఈ పని ఇయ్యలేదని కదా భూమన్నా, నీ కడుపుమంట?”

“వాడు చేసినా గీ లైను ఉంటే నా దస్కతు లేదు.”

“రెండు వందల ఇండ్లు నీ జిద్దుకు మునగాల్నా?”

“నా బస్తాలు గూడ గా గోదాముల్నే ఉన్నయి. మునిగితే నేను గూడ మునుగుత.”

“కమిటీల నుంచి తీసేస్త, చూస్కో.”

“తీసెయ్. గప్పుడు నా దస్కతు పనే ఉండదు.”

దేవమ్మ లేచి వచ్చి అతని భుజం తట్టింది. “పెట్టు తమ్మీ. అడుగున ఏమున్నదో ఎవడు చదువుతడు?”

“నేను చదివిన గద అక్కా.”

పెన్ను మూత పెట్టి బల్ల మీద పడేశాడు. చేతులు కట్టుకొని కూర్చున్నాడు. బయట హమాలీలు లారీ నింపుతున్నారు. సంఘం కందులు కావు అవి.

మధులిక లాప్‌టాప్ దగ్గరికి లాక్కొని, ఆ రెండు వాక్యాలూ చెరిపేసింది.

“అబద్ధమైతే నాకు గూడ వద్దు కాకా. దాని జాగల ఏం రాయాల్నో మీరే చెప్పుండ్రి.”

“చెప్పింది చెప్పినట్టు రాస్తవా?”

“నిజమైతే రాస్త.”

“అడుగున్నే పెట్టు. రాసినంక దస్కతు పెడత.”

భూమన్న వెళ్లి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఒక్కో మాట ఆపి ఆపి చెప్పాడు:

“ఈ వెబ్‌సైట్‌కు కరెంటు పంపే సోలార్ ప్లేట్లు సంతపూర్ శివారుల భూమన్న కంది చేన్ల నిలబడ్డయి, ఆయన ఇయ్యనన్నా పోయింది మూడెకరాల పన్నెండు గుంటలు.”