వంతు ఇవ్వని ప్రోగ్రాం

“బావా, మీ నవల ఎక్కడికీ పోదు. పూచీ నాది. కాస్త కుర్చీ వదలండి.”

“నాలుగొందల పన్నెండు పేజీలయ్యా! నిన్న ఒక్కరోజే పదకొండు రాశాను. అక్షరం చెదిరిందంటే నేనూ పోయినట్టే.” బావగారు గుండె చేత్తో పట్టుకుని లేచారు. “ఈ కోత నా కళ్లతో చూడలేను,” అంటూ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోయారు.

అక్క వచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. నవల కోసం ఆయన ఉద్యోగం మానేసి ఆరేళ్లు. ఇల్లు నడిచేది ఆమె సంగీతపాఠాలతోనే. పిల్లలు ఇంటికొచ్చి పాడుతుంటే ఆలోచన చెదురుతోందని ఆయన విసుక్కుంటే, పాఠాలను ఆయన గదిలోని కంప్యూటర్‌లోకి మార్చుకుంది. పొద్దున ఆయన నడకకెళ్లే రెండు గంటలే ఆమెవి. మిగతా రోజంతా ఆ గది తలుపు మూసే ఉంటుంది. వంటింట్లో గరిటె కూడా ఆమె మాట విని నోరు మూసుకుంటుంది.

ఇబ్బందల్లా ఆయన రాసుకునే ప్రోగ్రాంతోనే. పాతికేళ్ల నాటిది. దాన్ని మూయనివ్వరు. అది తెరిచి ఉన్నంతసేపూ పాఠంలో ఆమె బొమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే బిగుసుకుపోతుంది. “టీచర్ మళ్లీ ఆవులిస్తున్నారు” అని పిల్లల నవ్వులు. మానిపిస్తామని ఇద్దరు తల్లులు చెప్పేశారు కూడా.

“అసలదేం చేస్తుందిరా అంతసేపు?”

“అడుగుతుంది. ‘కీ నొక్కారా? నొక్కారా?’ అని, క్షణానికి వేలసార్లు. అది పుట్టిన రోజుల్లో యంత్రంలో ఒంటరిది, ఎంత అడిగినా ఎవరికీ అడ్డం లేదు. ఇప్పుడు పక్కన నీ పాఠం ఉంది. ప్రాసెసర్ ఇద్దరికీ వంతులవారీగా పనిచెయ్యాలి. ఇదేమో ఊరికే అడుగుతూ కూర్చుని నీ వంతూ తినేస్తోంది.”

“మీ బావకి తగ్గ ప్రోగ్రామే.”

“కిందటి నెల దీనికో కాపలా పెట్టానుగా. ఎన్నిసార్లడిగినా ఎవరూ కీ నొక్కకపోతే దాన్ని కాసేపు పడుకోబెట్టి, వంతు నీకిస్తుంది. మరీ తొందరగా పడుకోబెడితే బావ రాసే వేగానికి అక్షరాలు వెనకబడతాయి. ముందు ఆయన చేతివేగం తెలియాలని, ఈ నెలంతా ఈ ప్రోగ్రాంలో నొక్కిన ప్రతి కీ లెక్కపెట్టమని మాత్రమే చెప్పాను. పడుకోబెట్టే పని ఇవాళ మొదలుపెట్టి చూస్తా.”

అతడేదో మార్చగానే తెర నల్లబడింది.

“ఒరేయ్! నాలుగొందల పేజీలు!” అక్క తమ్ముడి భుజం పట్టుకుని కుదిపేసింది. ఆరేళ్లు ఒక్కసారిగా కళ్లముందు గిర్రున తిరిగాయి.

“తల్లీ, ఊపిరి పీల్చుకో. వచ్చేస్తుంది.”

వచ్చింది. బావ ప్రోగ్రాం నీలి తెర, దాని పక్కన ఆమె పాఠం. అక్క ఓ స్వరం పాడింది. తెరమీది అక్క కూడా పాడి, సమయానికి నోరు మూసింది. 

“హమ్మయ్య! పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంతకీ మీ బావ వేగమెంతో చూడు. రైలుతో పోటీ పడతారేమో.”

తమ్ముడు లెక్క తెరిచాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

“ఏమిట్రా? ఏం పాడుచేశావ్?”

“అక్కా, బావ తెరమీద ఏదో ఒక కీ నొక్కు.”

“అమ్మో, నేను ముట్టను. ఆరేళ్లలో ఎన్నడూ ముట్టలేదు.”

“నా లెక్క సరిగ్గా ఉందో లేదో తెలియాలి. నొక్కక్కా.”

ఆమె చూపుడువేలితో భయంభయంగా ఒక్కసారి నొక్కింది. తమ్ముడు తెరను ఆమె వైపు తిప్పాడు. నెల రోజుల లెక్క మొత్తం అక్కడుంది.

నొక్కిన కీలు: ఒకటి.