మిసెస్ జెంగ్ గరిటె

"కాగితాల్లేని వంటవాడొకడు ఇక్కడ పనిచేస్తున్నాడని మాకు కబురొచ్చింది. ఎక్కడున్నాడు?"

ఇమిగ్రేషన్ ఆఫీసరు బ్రాడిగన్ కౌంటరు మీద మోచేతులు ఆనించి అడిగాడు. అతనితో వచ్చిన రెండో ఆఫీసరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

హోటలు యజమానురాలు మిసెస్ జెంగ్ కౌంటరు తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టింది. వంటవాడు దొరికితే అతన్ని విమానమెక్కించి చైనాకి పంపేస్తారు. బతికుండగా మళ్లీ ఈ గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు. కానీ ఆమె మొహం మాత్రం నవ్వింది. కౌంటరు వెనక ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషికి ఆ మాత్రం నవ్వు రాకపోదు.

"ఇంత చిన్న హోటలుకి వంటవాడెందుకు సార్? నేనే వండుతా. లోపల గ్వెఫాంగ్ అని ఒకావిడ కూరలు తరుగుతుంది. ఆవిడకి గ్రీన్‌కార్డుంది. వెళ్లి చూసుకోండి."

రెండో ఆఫీసరు వంటింట్లోకి వెళ్లాడు. బ్రాడిగన్ కదల్లేదు. హాల్లో ఉన్నవాళ్లని తీరుబడిగా చూడసాగాడు.

మధ్యాహ్నం రద్దీ అయిపోయింది. కిటికీ పక్కన వర్నెట్టా రొయ్యల ఫ్రైడ్ రైస్ తింటోంది. సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి, ఆ హోటలుకి పాత గిరాకీ. మూలబల్ల దగ్గర మాసిన బనియనుతో ఒక ముసలాడు గిన్నె మూతికి ఆనించుకుని గంజన్నం జుర్రుతున్నాడు. అంతే, ఇంకెవరూ లేరు.

బ్రాడిగన్ చూపు మూలబల్ల దగ్గర ఆగింది.

"ఆయన తినేదేంటి? మీ మెనూలో అది నేనెప్పుడూ చూళ్లేదే."

మిసెస్ జెంగ్ మొహం జేవురించింది. ఇనప గరిటె పుచ్చుకుని విసవిసా మూలకి నడిచింది.

"మళ్లీ వచ్చావురా ముష్టివెధవా."

చెంప ఛెళ్లుమంది. గిన్నె ఎగిరి గోడకి కొట్టుకుంది. గంజీ, ఉప్పుచేప ముక్కలూ నేలపాలయ్యాయి.

అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తోందని వర్నెట్టాకి అర్థమైంది. బ్రాడిగన్ మాత్రం ముసలాణ్ణే చూస్తున్నాడు. చూపు తిప్పుకోలేదు.

ఈసారి గరిటెతో వేసింది. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. ఇంకో దెబ్బ సరిగ్గా మూతి మీద పడింది. ముందుపన్ను ఊడి బల్ల మీద పడింది.

"ఎంగిలి ప్లేట్లు నాకే కుక్కవి, నీకు బల్లా కుర్చీ కావాల్సొచ్చాయా? ఎన్నిసార్లు తరిమినా సిగ్గు లేదా?"

కోపమొస్తే ఆమె నోటికి చైనాలోని సొంతూరు ఫూజౌ యాస తిట్లే వచ్చేవి. ఇవాళ ప్రతి తిట్టూ ఇంగ్లీషులోనే తిట్టింది. తిడుతూనే వంటసారా సీసా అందుకుని అతని నెత్తిన గడగడా బోర్లించింది.

"దీనికోసమేగా వచ్చేది. తాగి చావు."

ముసలాడు చెయ్యి అడ్డం పెట్టలేదు. ఒక్క మాట తిరిగి అనలేదు. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పడ్డవాణ్ణి డొక్కలో తన్నింది. ఇంకోసారి తన్నబోయేసరికి బ్రాడిగన్ వచ్చి ఆమె జబ్బ పట్టుకుని లాగాడు.

"చంపేస్తావా ఏంటి? అసలు ఆడదానివేనా నువ్వు?"

"మీకేం తెలుసు సార్. రోజూ వీడితో ఇదే గోల. వీడి మొహం చూసి వచ్చే గిరాకీ కూడా పోతోంది."

"నోర్మూసుకో."

బ్రాడిగన్ ముసలాణ్ణి లేపి నిలబెట్టాడు. సారా కంపుకి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పేరేంటి పెద్దాయనా?"

ముసలాడు నోట్లో నెత్తురు గుటకేసి ఏదో గొణిగాడు. అది మాటో మూలుగో తెలియలేదు.

"ఈవిడ మీద కేసు పెడతావా? పోలీసుల్ని పిలిపించనా?"

వద్దని తల అడ్డంగా ఊపాడు. బ్రాడిగన్ జాలిపడ్డాడు. మరి మనిషన్నవాడు ఎవడైనా పడతాడు. భుజం కింద చెయ్యేసి రోడ్డు దాటించి, బస్టాపు బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాడు.

రెండో ఆఫీసరు వంటింట్లోంచి బయటికొచ్చాడు.

"ఆవిడొక్కతే ఉంది. కార్డు సరిగ్గానే ఉంది. కొట్టుగదీ, వెనక సందూ అన్నీ చూశా. ఎవడో గిట్టనివాడు చెప్పుంటాడు."

బ్రాడిగన్ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఇంకోసారి ఆయన మీద చెయ్యి చేసుకున్నావని తెలిసిందా, నేనే నిన్ను లోపలేయిస్తా."

కారు వెళ్లిపోయింది. వర్నెట్టా లేచింది. ప్లేట్లో సగం అన్నం అలాగే ఉంది.

"నీ చేతి కూడు తిన్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది" అంది. "మా మనవల్ని పట్టుకొచ్చి, ఈవిడ మంచిదిరా అని చెప్పుకున్నానే. ఆ ముసలాడూ ఓ తల్లి కన్న బిడ్డేగా? దెబ్బలు తింటూ నీవంక ఎలా చూశాడో కనిపించలేదా నీకు? ఇంకెప్పుడైనా ఈ గడప తొక్కితే ఒట్టు."

 మిసెస్ జెంగ్ తల దించుకుంది. వర్నెట్టా తలుపు ధడాల్న వేసుకుని వెళ్లిపోయాక, మోకాళ్ల మీద కూర్చుని నేల మీది గంజీ, నెత్తురూ తుడిచింది.

తర్వాత వంటింట్లోకి వెళ్లి బియ్యం బస్తా మీద కూలబడింది. గరిటె ఇంకా చేతిలోనే ఉంది. వేళ్లు కొయ్యబారిపోయాయి. గ్వెఫాంగ్ పక్కన కూర్చుని, ఆ వేళ్లని ఒక్కొక్కటే విడదీసి గరిటె తీసుకుంది.

ఫోను మోగింది. మిసెస్ జెంగ్ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఈ పూటకి నా మూకుడు గ్వెఫాంగ్‌కి అప్పగించి, నీ చేతికి కాస్త ఐసు పెట్టుకోవే, బాగా వాచి ఉంటుంది" అన్నాడు బస్టాపు బెంచీ మీంచి ఆమె మొగుడు.