నూటికి నూరు

“లేచావా అమ్మా?” ముందు సీటులోంచి కూతురు వెనక్కి తిరిగింది.

“కునుకు తీశానంతే,” అంది పంతులమ్మ. వాంతుల మాత్ర పుణ్యమా అని అంతవరకూ ఆవిడ గురకకు కారు అద్దాలు అదిరాయి. “ఎంతదాకా వచ్చాం?”

“సగం కొండ ఎక్కేశాం అత్తయ్యగారూ,” అన్నాడు అల్లుడు, స్టీరింగు వదలకుండా.

పంతులమ్మ సర్దుకుని కూర్చుంది. లెక్కలు చెప్పే ఉద్యోగం ఆవిడను వదిలింది గాని, మార్కులు కోసే అలవాటు వదల్లేదు. నూటికి నూరు ఆవిడ చేతి మీదుగా పుచ్చుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు. ఈ ఇరుకు కొండదారి అల్లుడికి ఆవిడ పెట్టిన పరీక్ష. నెగ్గితే, షెడ్డులో ముసుగేసుకుని ఉన్న మామగారి కారు తాళం అతని చేతికి వస్తుంది. తప్పితే ఆ కారు వచ్చిన ధరకు పరాయివాళ్ళ పాలవుతుంది. ఆవిడ నిద్రపోయేదాకా అతని డొక్కు కారు దగ్గుతూ, తుమ్ముతూ, మలుపు మలుపుకూ పేగులు నోటికి తెచ్చింది. అప్పటికి పడ్డవి ముప్పై మార్కులు.

“నా కళ్ళద్దాలేవే?”

“నిద్రలో విరుగుతాయని తీసి దాచానమ్మా. ముందు లోయ చూడు, ఎంత పచ్చగా ఉందో!”

పచ్చదనం చూడ్డానికి కళ్ళద్దాల అక్కర లేకపోయింది. రోడ్డంచు పిట్టగోడ ఎక్కడో కాళ్ళ కింద ఉండిపోగా, లోయంతా ఒళ్ళోకి వచ్చి పరుచుకుంది. అల్లుడు మలుపు మలుపుకూ స్టీరింగును భక్తిగా తిప్పుతున్నాడు. ఇంజను చప్పుడు సైతం ఎక్కడో దూరాన వినిపిస్తోంది.

“గేరు మార్చిన కుదుపే తెలియడం లేదేం?”

“బండిని అస్సలు కష్టపెట్టడం లేదండీ.”

“ఏసీ కట్టేశారే?”

“ఇంత కొండగాలి ఉండగా దండగ కదండీ.”

పొదుపు పద్దు కింద మరో పది మార్కులు కలిశాయి.

ఇంతలో మలుపులో బస్సు ఎదురైంది. పంతులమ్మ గుండె చిక్కబట్టుకుని కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బస్సే వెనక్కి వెనక్కి తగ్గుతోంది! దాని కిటికీల నిండా మసక మసకగా చేతులు ఊగుతున్నాయి. ఎవడో ఈల కూడా వేశాడు.

“చూశావుటే, దారినపోయేవాళ్ళు కూడా మెచ్చుకుంటున్నారు!”

కూతురు చేతిరుమాలు నోట్లో కుక్కుకుంది. మొగుడి గొప్పకు దానికి ఏడుపొచ్చిందనుకుంది తల్లి.

కొండకొమ్మున బండి వెన్నపూసలా ఆగింది. పంతులమ్మ సంచిలోంచి తాళం తీసింది.

“మిమ్మల్ని ఇన్నాళ్ళూ తక్కువ అంచనా వేశాను అల్లుడుగారూ. నూటికి నూరు! మీ మామగారు కూడా ఏనాడూ ఇంత హాయిగా నడిపిన పాపాన పోలేదు.”

అల్లుడు తాళం జేబులో వేసుకుని వినయంగా దణ్ణం పెట్టాడు.

అప్పుడే కిటికీ కిందనుంచి, బాగా కిందనుంచి, ఎవరిదో గొంతు వినిపించింది.

“సార్, మీ కారు నా లారీ మీంచి దించెయ్యమంటారా?”