రసమట్టం

బండి వాలి ఉంది. వరదయ్య కంటికి ముందుగా కనిపించింది అదే.

యుద్ధం నాటి మిలిటరీ లారీకి చెక్క గోడలు కట్టి, పైన రేకు కప్పి ఇల్లు చేసుకున్న బండి. సర్కస్ కంపెనీ తొండియార్‌పేట మైదానంలో డేరాలు వేసినప్పటి నుంచీ అక్కడే ఉంది. వరదయ్య కూతురు పంకజం, అల్లుడు ఏకాంబరం కాపురం ఉండేది అందులోనే. ఏకాంబరం కంపెనీ డ్రైవరు.

వరదయ్య తాపీ మేస్త్రి. కాంచీపురంలో గోడ మీద ఉండగా కబురందింది. పంకజానికి ఆరో నెల, రక్తం కనబడింది, వెంటనే రమ్మని. ఇప్పటికే రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారీ పోతే ఇక ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. పనిముట్ల సంచీ భుజాన ఉండగానే బస్సెక్కేశాడు మేస్త్రి.

బండి వెనక తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు. మంచం మీద పంకజం. కాళ్లు తలుపు వైపు, తల ఇంజను వైపు. తలకింద దిండైనా లేదు. ముఖం కందిపోయి ఉబ్బి ఉంది. రెండుసార్లు పిలిచాడు. పలకలేదు.

"సూదిమందు ఏసిపోయినాది డాక్టరమ్మ. మత్తులో ఉండాది" అంది పక్కనే కూర్చున్న చెంగమ్మ. కంపెనీలో వంటమనిషి ఆమె. "నిన్న సాయంత్రం నుంచీ రక్తం ఆగినాదంట. మంచం మీదనించి కదిలించకూడదంట. ఆస్పత్రికి తీసుకపోయినా దారిలోనే పోతాదంట. మీ అల్లుడు మందులకి రాయపురం పోయినాడు. నన్ను ఈడ కాపలా పెట్టి."

"అది సరే. బండి ఇట్టా వాలిపోయుంటే ఎవురికీ కనపడలేదా?"

"ఏమో సామీ. నేనిప్పుడే కదా వస్తిని. వానలకి దిగబడిందేమో."

వరదయ్య కిందికి దిగి చూశాడు. ముందు చక్రాలు రెండూ జానెడు లోతు కూరుకుపోయి ఉన్నాయి. అల్లుడి మీద ఒళ్లు మండింది. స్టీరింగు తిప్పడం తప్ప వాడికేం తెలుసు? కడుపుతో ఉన్న మనిషిని ఇలా తల పల్లంలోకి ఉండేలా పడుకోబెట్టి తన దారిన తాను పోయాడు.

మేస్త్రి సంగతి ఎరిగినవాళ్లకు తెలుసు. పెళ్లి భోజనానికి కూర్చున్నా, పీట ఒరిగి ఉంటే దాని కింద పుల్ల దోపితే గానీ ముద్ద ఎత్తడు. అలాంటి మనిషి కన్నబిడ్డను ఈ వాలులో చూసి చేతులు ముడుచుకుని ఎలా కూర్చుంటాడు? మందులు తేవడం అతని వల్ల కాదు. సూది వేయడం అంతకన్నా కాదు. చేతనైన పని ఒక్కటే కళ్ల ముందు కనిపిస్తోంది.

"మనిషిని నేను తాకను. బండినే లేపతా" అన్నాడు చెంగమ్మతో.

డేరా వెనక జాకీ దొరికింది. ముందు ఇరుసు కింద పెట్టి తిప్పితే బండి లేవడానికి బదులు జాకీయే ఇసుకలోకి దిగింది. జాకీ కింద పలక వేశాడు. పలక ఫెళ్లున విరిగింది. మైదానం చివర పడి ఉన్న దూలం ముక్కను ఒక్కడే ఈడ్చుకొచ్చాడు. అరవై దాటిన ఒళ్లు. నడుం కలుక్కుమంది. లెక్క చేయలేదు.

నిండు చెంబు పెట్టినా తొణకనంత నెమ్మదిగా తిప్పుతున్నాడు. ఒక్కో చుట్టుకూ చక్రం అంగుళమైనా లేవదు. లేచినంత మేర కింద చెక్కలు దోపుతున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. "ఈ ఒక్కసారికి నిలబెట్టు తండ్రీ. కొండకి నడిచొస్తా" అని మొక్కుకున్నాడు.

గంటన్నర పట్టింది. సంచీలోంచి వాలు చూసే రసమట్టం తీసి బండి నేల మీద పెట్టాడు. బుడగ నట్టనడుమ నిలిచింది. వరదయ్యకు పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. తువ్వాలు అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చాడు.

పావుగంటైనా కాలేదు. మత్తులోనే పంకజం మూలిగింది. చెంగమ్మ దుప్పటి ఎత్తి చూసింది. వెంటనే దించేసింది.

"మేస్త్రీ, మళ్లా మొదలైనాది."

ఎక్కడ తప్పు జరిగింది? వరదయ్య రసమట్టం మళ్లీ పెట్టాడు. బుడగ వెంట్రుకవాసి కాళ్లవైపు జరిగినట్టనిపించింది. అంటే తలవైపు ఇంకా పల్లమే. పరుగున వెళ్లి ఇరుసు కింద దూరాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. కాస్త ఎక్కువ లేస్తే లేచింది, తలవైపు మాత్రం తగ్గకూడదు.

"ఓర్చుకో తల్లీ. సరిచేస్తా ఉండాను" అంటూనే తిప్పుతున్నాడు.

లోపలి నుంచి చెంగమ్మ పాత గుడ్డలు కావాలంటోంది. ఇంకా కావాలంటోంది. వరదయ్యకు ఆ మాటలు వినపడుతున్నా లేచి వెళ్లే ధైర్యం లేదు. ఆగితే బిడ్డ పోతుందన్నట్టు తిప్పుతూనే ఉన్నాడు.

ఏకాంబరం మందుల సీసాతో మైదానం దాటి వచ్చాడు. బండిని చూసి నిలబడిపోయాడు. మరుక్షణం సీసా అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చి, మామ చేతిలోంచి జాకీ పిడి లాక్కున్నాడు.

"కాళ్లు తలకన్నా ఎత్తుగా ఉంటేనే బిడ్డ నిలస్తాదని డాక్టరమ్మ చెప్తే, ఆ చక్రాల కింద గుంతలు తవ్వి బండిని వాల్చింది నేనే మామా."