తీగ అవతలి చివర

కరణ్‌కోట దాటాక వదిలేసిన నాపరాతి గని ఒకటుంది. నిండా నీళ్లే. విజయ్‌కుమార్ తన హామ్ రేడియో కోసం చేసిన పొట్టి యాంటెన్నా తీగకు పగలే రాయి కట్టి, నీళ్ల మీదికి వంగిన తుమ్మకొమ్మకు విసిరి తగిలించాడు. ఆ చివర అందాలంటే నీళ్ల మీద నిలబడాలి.

చీకటి పడ్డాక గట్టు మీదున్న ఈ చివర జానెడు కత్తిరించాడు. తీగ తగ్గితే, అది ఏ ఫ్రీక్వెన్సీకి పలుకుతుందో చూపే మీటరు ముల్లు పైకి లేవాలి. కిందికి దిగింది.

అవతలి చివరను ఎవరైనా చేత్తో పట్టుకుంటేనే అలా దిగుతుంది. ఇంటి డాబా మీద సరిచూసేటప్పుడు అలా పట్టుకునేది భార్య అంబిక. ఇప్పుడు ఆమె అతని పక్కనే టార్చి చూపిస్తోంది.

“నేనిక్కడనే ఉన్న గదా,” అంది.

కప్పల అరుపు ఆగిపోయింది. అంబిక ధైర్యం కోసం నీళ్లకేసి కేకేసింది.

“ఎవరది? జర తీగ ఇడువుండ్రి!”

ముల్లు లేచింది.

మీటరు చెడిపోయిందేమోనని విజయ్‌కుమార్ దాన్ని తట్టి చూశాడు. తర్వాత ఆమె చెవిలో, తనకే సరిగా వినబడనంత మెల్లగా అన్నాడు.

“మల్ల పట్టుకోమను.”

ఆమె నోరు తెరవకముందే ముల్లు దిగింది.